పారాణి చిమ్మటల లెక్క

లెక్కకు ఇరవై ఆరు రోజులు

గోడకు చెప్పుకోవడం నాకు ఇంకా అలవాటు కాలేదు. అయినా తప్పదు. మబ్బుశాలలో పనిచేసే ప్రతి మనిషీ సాయంత్రం నాలుగింటికి ఈ గోడ ముందు నిలబడి ఆ రోజు చేసిందీ చూసిందీ చెప్పాలి. నేను మా చేబ్రోలు యాసలో ఎలా వాగినా, గోడ దాన్ని పుస్తకాల భాషలోకి దిద్ది రాసుకుంటుంది. మనుషులు ఒకరితో ఒకరు అనుకున్న మాటల్ని మాత్రం ఉన్నదున్నట్టు ఉంచుతుందట.

నా పేరు బెజ్జం పానకాలు. అరవై ఆరేళ్ళు. నలభై ఏళ్ళు తమలపాకు తోట చేశాను. సముద్రం నేల మీదికి జరిగి మా బావుల్లో ఉప్పు తేలాక నా తోటా పోయింది, ఊరూ పోయింది. లంబసింగి కొండ మీద మొక్క తెలిసిన మనిషి కావాలని కబురొస్తే రెండో మాట లేకుండా బస్సెక్కాను. తీరా వస్తే ఇక్కడున్నవి తీగలు కావు, పొదలు. తమలపాకుకు ఏ మేనత్త వరసో అవుతాయట. అదే ఉబ్బిన కణుపు, అదే ఘాటు వాసన. ముట్టుకోగానే నా చేతికి ప్రాణం లేచొచ్చింది.

ఆ పొదల ఆకు తిని బతికే పురుగు కోసమే ఈ శాల కట్టారు. దక్షిణ అమెరికాలో ఏడాది పొడుగునా మబ్బులో తడిసే కొండ అడవులు ఉండేవట. ఎండలు ముదిరేసరికి మబ్బు కొండ కన్నా పైకి లేచిపోయింది, అడవి ఎండిపోయింది. నాకు నీళ్ళెక్కువై కొంప మునిగింది, దానికి తక్కువై మునిగింది. మిగిలిన పురుగుల్ని తలా ఒక దేశం పంచుకుంటే మనకొచ్చింది ఈ చిమ్మట. బొటనవేలి గోరంత ఉంటుంది. రెక్కలు పసుపు, అంచున ఎర్రటి గీత. పసుపు రాసిన పాదానికి పారాణి దిద్దినట్టుందని నేనే పారాణి అని పేరు పెట్టాను. ఇక్కడి పెద్ద దిక్కు షహనాజ్ మేడమ్. ఆవిడ కూడా ఇప్పుడు అదే పేరుతో పిలుస్తున్నారు.

ఈ పొద్దు లెక్కలో రెక్కలొచ్చినవి నూట పన్నెండు. పోయిన వారం నూట ముప్పై ఒకటి. ఇంకో ఇరవై ఆరు రోజులకు, ఈ పురుగుల్ని దేశాలకు పంచిన కీటో నగరం వాళ్ళు అసలు లెక్క అడుగుతారు. ఆ రోజు అరవైకి ఒక్కటి తగ్గినా, ఉన్నవాటిని గుడ్లతో సహా గడ్డకట్టించి సీసాల్లో దాచేసి శాల మూసేస్తారు. ఎగిరే పారాణి ఇక లోకంలో ఎక్కడా ఉండదు.

పంతొమ్మిది ఎక్కడికి పోయాయి? ముసలివి రాలినా వాటి బదులు కొత్తవి లేవాలి కదా! ఆ కొత్తవేవీ? ఎవరో ఎత్తుకుపోతున్నారు. గోడా, ఇది రాశావా? రాయి, భయపడకు.


లెక్కకు ఇరవై నాలుగు రోజులు

పొద్దున్నే జమునతో గొడవ. కిల్లో జమున ఈ కొండ పిల్లే. మబ్బు తయారుచేసే యంత్రం ఆమె చేతిలో ఉంటుంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. రబ్బరు బూట్లతో టకటకా పొదల మధ్యకు వచ్చేసింది.

"ఏందమ్మాయ్ ఆ బూట్లు? ఆకుతోటలోకి చెప్పులేసుకొని వస్తారా ఎక్కడన్నా?"

"ఇది మీ ఆకుతోట కాదు కదా బాబాయ్. ఇప్పితే కాళ్ళు కొంకర్లు పోతాయి."

"పోతే పోతాయి. మా తాతల నాటి నుంచీ వట్టి కాళ్ళతోనే తిరిగాం."

మూతి ముడుచుకుని బూట్లు విప్పింది. నేను రోజూలాగే పండుటాకులు గిల్లి ఒడిలో వేసుకున్నాను. నా కుడి బొటనవేలి గోరు అరంగుళం పొడుగు. ఆకు కోసేవాడికి అదే కత్తి. కత్తిరించుకోమని మేడమ్ మొదటి రోజే అన్నారు. నేను విననట్టు ఊరుకున్నాను.

గిల్లిన ప్రతి ఆకునూ భూతద్దం కింద పెట్టి, పిల్ల పురుగు లేదని చూసుకుని పారెయ్యాలని ఇంకో రూలు ఉంది. పారాణి పిల్లలు ఆకు అడుగున, ఈనెకు అంటుకుని, నువ్వుగింజలో సగం ఉంటాయి. కానీ అవి తినేది లేతాకు. పండుటాకు మీద వాటికేం పని? నలభై ఏళ్ళు ఆకు చూసిన కళ్ళివి, భూతద్దం కావాలా? నేరుగా పోయి బయట ఎరువు గుంటలో దులిపేసి వచ్చాను.


లెక్కకు పంతొమ్మిది రోజులు

తొంభై ఏడు.

శాలలోంచి పురుగు తనంతట తాను బయటికి పోయే వీల్లేదు. రెండు తలుపుల మధ్య చిన్న గది ఉంది. మనం అక్కడ నిలబడితే గాలి ఊది, ఒంటి మీద ఏ చిమ్మట వాలి ఉన్నా లోపలికే తోసేస్తుంది. కెమెరా పెట్టమంటే, మబ్బులో దాని కంటికి చెమట పడుతుందన్నారు మేడమ్. అంటే కనిపెట్టుకుని ఉండాల్సింది నేనే.

కనిపెట్టాను. జమున దగ్గర ఒక స్టీలు క్యారేజీ ఉంది. దాని మూతకు మేకుతో పొడిచిన చిల్లులున్నాయి. అన్నానికి గాలెందుకయ్యా? పైగా ఈ పొద్దు నేను వచ్చేసరికి ఆమె నాకన్నా ముందే లోపలుంది. పదో వరసలో పొద ముందు గొంతుక్కూర్చుని, ఆ క్యారేజీ మూత తీసి, ఏదో గొణుగుతోంది. నన్ను చూడగానే మూత బిగించింది.

"ఏంది ఆ డబ్బా?"

"అంబలి బాబాయ్. తాగుతారా?"

"లోపల తిండి తినకూడదని తెలవదా నీకు?"

"తినలేదు, సల్లారిపోతాదని మూత తీసినాను" అంది. అబద్ధం ఆడటం కూడా సరిగ్గా రాదు. చల్లారిపోతుందని ఎవరైనా మూత తీస్తారా?


లెక్కకు పదహారు రోజులు

నా అనుమానం ఇప్పుడు అనుమానం కాదు.

మధ్యాహ్నం వరండాలో కూర్చుని ఉంటే జమున వచ్చి పక్కన చతికిలబడింది. "బాబాయ్, ఈ పురుగు మా మిరియం తీగ తింటాదా?" అని అడిగింది. వాళ్ళ ఊళ్ళో కాఫీ తోటల్లో ప్రతి చెట్టుకూ మిరియం తీగ పాకి ఉంటుంది. మిరియం కూడా ఈ పొదలకు చుట్టమే.

"తినొచ్చు. ఎందుకు?"

"ఊరికే."

ఊరికే ఎవరూ అడగరు. ఆమె చొక్కా చేతి మీద సన్నటి పసుపు పొడి ఉంది. అది చిమ్మట రెక్కల పొడి. నేను చూశానని తెలిసి, చెయ్యి వెనక్కు పెట్టుకుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను వచ్చిన కొత్తలో చలికి జ్వరమొచ్చి మూడు రోజులు పడుంటే, ఈ పిల్లే పూటపూటకూ అంబలీ వెదురు కొమ్ముల కూరా తెచ్చిపెట్టింది. అందుకే నోరు కట్టుకుని ఉన్నాను. లేకపోతే ఈపాటికి మేడమ్ చెవిన వేసేసేవాణ్ణి.


లెక్కకు పన్నెండు రోజులు

ఎనభై ఒకటి. ఇంక నోరు కట్టుకుంటే నేనూ దొంగనే అవుతాను.

తెల్లారి జమున శాలలోంచి వస్తుంటే తలుపు దగ్గరే ఆపాను. మేడమ్‌ను పిలిచాను. చొక్కా మీద పొడి, మిరియం సంగతి, క్యారేజీ చిల్లులు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. మేడమ్ మొహం పాలిపోయింది.

"జమునా, పానకాలు గారు చెప్పేది నిజమా?"

"నాను ఏటీ బయటికి తియ్యలేదు మేడమ్."

"ఆ క్యారేజీ ఇటివ్వు."

మూత తీస్తే ఖాళీ. కానీ లోపల అడుగంతా పసుపు పొడి. అంబలి మరకైనా లేదు. మేడమ్ వేలితో తుడిచి, వెలుగులో పెట్టి చూశారు.

"ఇది రెక్కల పొడే. దీంట్లో పురుగు ఎలా వచ్చిందో చెప్పు. చెబితే వింటాను."

జమున నా వంక చూస్తుందనుకుంటే, నా మొహం వంక కాదు, నా చేతి వంక చూసింది. తరవాత కళ్ళు దించేసుకుని, "నాను సెప్పను మేడమ్" అంది.

పురుగును బయటికి తీసినవాళ్ళు మళ్ళీ శాల గడప తొక్కకూడదు. అది కీటో వాళ్ళ రూలు, మేడమ్ చేతుల్లో కూడా లేదు. జమున తన పేరు బిళ్ళ తీసి బల్ల మీద పెట్టి, ఖాళీ క్యారేజీ పట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె బూట్లు గడప పక్కనే ఉండిపోయాయి.

దొంగ దొరికింది. నాకు సంతోషంగా ఉండాలి కదా? అన్నం సయించలేదు. గోడా, ఈ చివరి ముక్క తీసెయ్. రాసేశావా? సరే, నీ ఖర్మ.


లెక్కకు ఎనిమిది రోజులు

అరవై నాలుగు.

మళ్ళీ లెక్కపెట్టాం. అరవై నాలుగే. జమున పోయి నాలుగు రోజులైంది. దొంగ పోతే దొంగతనం ఆగాలి. ఆగకపోగా మరీ ఎక్కువైంది. ఇదివరకు నాలుగు రోజులకు తొమ్మిదో పదో తగ్గేవి, ఇప్పుడు పదిహేడు తగ్గాయి.

మరి తీస్తున్నదెవరు? మిగిలింది షహనాజ్ మేడమ్. పెద్ద చదువు చదువుకున్నావిడ, పరిశోధనలకని ఏమైనా సీసాల్లో పెడుతున్నారేమోనని ఆవిడ గది కిటికీలోంచి తొంగి చూశాను. ఆవిడ బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తున్నారు. గబగబా వచ్చేశాను. ఇంక మిగిలింది నువ్వే, గోడా. నువ్వు కూడా నాకు అనుమానమే. రోజంతా వింటావు, ఒక్క మాట చెప్పవు.

మబ్బు యంత్రం కూడా నేనే చూస్తున్నాను. దాని పొగగొట్టంలోంచి మిగులు మబ్బు బయటికి పోయి, సరిగ్గా ఎరువు గుంట మీద వాలుతుందని ఇన్నాళ్ళూ నాకు తెలియదు. జమున రోజూ పొద్దున్నే అక్కడ గొట్టం తుడిచేదట.


లెక్కకు మూడు రోజులు

నలభై రెండు.

ఇవాళ చెప్పేది వరసగా చెబుతాను. తడబడితే నువ్వే సర్దుకో.

పొద్దున లెక్కయ్యాక గొట్టం తుడవడానికి గుంట దగ్గరికి వెళ్ళాను. అక్కడ జమున ఉంది! గుంట మీద దోమతెర కట్టి, దాని కింద కూర్చుని ఉంది. ఒళ్ళు భగ్గుమంది.

"ఇంకా పోలేదా నువ్వు? ఇక్కడ దుకాణం పెట్టావా?"

"అరవకండి బాబాయ్. బెదురుతాయి."

దోమతెర లోపల పారాణులు. ఒకటి కాదు, రెండు కాదు. తడి ఆకుల మీద, తెర నూలు మీద, ఆమె జుట్టు మీద కూడా పసుపు రెక్కలు పరుచుకుని వాలి ఉన్నాయి.

"దొంగా అంటారు మళ్ళీ. ఆగండి. కూకోండి ఇలాగ" అంది. గుంట పక్కన సిల్వర్ ఓక్ చెట్టుకు మిరియం తీగ పాకి ఉంది. నన్ను దాని ముందు కూర్చోబెట్టింది. "మీ తోట గురించి సెప్పండి. ఎన్ని వరసలుండేవి?"

"ఇప్పుడదెందుకు?"

"సెప్పండి బాబాయ్. మీకు దండం పెడతాను."

ఆమె గొంతు అదోలా ఉంది. సరేనని చెప్పాను. అరవై వరసలు. అవిసె చెట్లకు ఎక్కించిన తీగ. జమ్ముతో కట్టిన కట్లు. ఎండాకాలం పొద్దున్నే కాలవ నీళ్ళు పెడుతుంటే తోటంతా లేచే ఆ వాసన. మా ఆవిడ కట్టలు కడుతూ పాడే పాట. ఉప్పు నీళ్ళు వచ్చిన ఏడు మొదట పడమటి వరస వాడిపోవడం. అక్కడ ఆగాను.

"ఇప్పుడు ఒడి సూసుకోండి" అంది జమున.

చూశాను. నా పంచె ఒడిలో ఏడు మిరియం ఆకులున్నాయి. అన్నీ లేతవే. ఒకదానికి పురుగు కొట్టిన చిల్లి, ఒకదానికి మచ్చ, ఒకదానికి అంచు కొరికిన గుర్తు. నేను కొయ్యలేదు. కోసినట్టు నాకు గుర్తు లేదు. కానీ బొటనవేలి గోటికి ఆకుపచ్చ రసం అంటుకుని ఉంది.

మచ్చ పడ్డ ఆకును తీగ మీద ఉంచకూడదు. ఒక్కటి ఉంచితే తోటంతా పాకుతుంది. మా నాన్న నాకు ఆరేళ్ళప్పుడు నేర్పిన మొదటి పని అది. అరవై ఏళ్ళుగా నా చెయ్యి ఆ పని చేస్తూనే ఉంది, నన్ను అడగదు. పారాణి పిల్లలు లేతాకు అడుగున గీకి తింటాయి. గీకినచోట మచ్చ పడుతుంది. ఆ మచ్చ కనపడితే నా చెయ్యి ఊరుకుంటుందా? నేను పండుటాకులు గిల్లుతున్నాననుకుంటూ, జమున మీద కన్నేసి ఆలోచనలో పడి, పిల్లలున్న ఆకుల్నే ఏరి ఏరి ఒడిలో నింపి, నా చేతులారా తెచ్చి గుంటలో పోశాను.

"సిన్నవి సచ్చిపోనాయి బాబాయ్. పెద్దవి మాత్రం ఈ మబ్బు తడికి ఆకుల్లోనే గూడు కట్టుకొని రెక్కలొచ్చి లేసినాయి. నాను పొద్దున్నే ఏరి, లెక్కెట్టి, క్యారేజీలో ఏసి లోపలికి తెచ్చి ఒదిలేసేదాన్ని."

క్యారేజీ నిండుగా లోపలికి వచ్చి, ఖాళీగా బయటికి పోయేది. నేను ఎప్పుడూ అది ఏ దారిన నిండుగా ఉంటుందో చూడలేదు. అందుకే ఆమె పోయాక లెక్క అంత వేగంగా పడిపోయింది.

"మరి మిరియం సంగతెందుకు అడిగావే తల్లీ?"

"ఇయి మా తీగల మీద వాలితే మా ఊరోళ్ళు మందు కొట్టెత్తారు కదా. ఒక్కటి కూడా తప్పిపోకూడదని భయం."

"నాకెందుకు చెప్పలేదు? మేడమ్ ముందన్నా నోరు తెరవచ్చుగా?"

"సెప్తే మిమ్మల్ని తోలేత్తారు. నానైతే కిందకి దిగితే మా ఊరుంది. మీరెక్కడికెల్తారు? మీ ఊరు ఉప్పయిపోనాది కదా."

నేను ఏడ్చాను. దాచేదేముంది? మా ఆవిడ పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదు. ఈ పిల్లను నేను దొంగ అన్నాను. మేడమ్ ముందు నిలబెట్టి అన్నాను.

అక్కణ్ణుంచి నేరుగా మేడమ్ దగ్గరికి వెళ్ళి ఒడి దులిపి ఏడు ఆకులూ బల్ల మీద పోశాను. జరిగిందంతా చెప్పాను. మేడమ్ ఒక్కో ఆకునూ తిప్పి చూశారు.

"పానకాలు గారూ, మీరు కావాలని చెయ్యలేదు. కీటోకి అలాగే రాస్తాను."

"పురుగుని బయటికి తీసినోళ్ళు గడప తొక్కకూడదన్నారుగా? తీసింది నేను. జమున బిళ్ళ జమునకిచ్చెయ్యండి."

"భూతద్దం కింద చూసి ఉంటే ఇదంతా జరిగేది కాదు" అన్నారు ఆవిడ, మెల్లగా. ఆ మాట నాకు తగలాల్సినచోటే తగిలింది.

గోడా, తొమ్మిది రోజుల కిందటి నా మాటలు చెరపొద్దు. అలాగే ఉంచి, వాటి కిందే ఇది రాయి: బెజ్జం పానకాలు చెప్పింది తప్పు. కిల్లో జమున ఒక్క పురుగును కూడా బయటికి తీయలేదు. తీసినవాడు పానకాలే.


లెక్క రోజు

బయట వరండాలో కూడా రాసుకునే గోడ ఒకటి ఉంది, ఇది దానికి చెబుతున్నాను. లోపలి గోడ నాకిక లేదు.

పొద్దున ఏడింటికి మేడమూ జమునా లెక్కకు దిగారు. నేను వరండాలో, శాల పెద్ద అద్దం ఇవతల నిలబడ్డాను. కీటో ఆవిడ తెర మీద కనిపిస్తూ, వాళ్ళు చెప్పే ప్రతి అంకెనూ రాసుకుంటోంది. ముందు లోపలున్నవి లెక్కపెట్టారు. నలభై ఒకటి. ఇంకొకటి పోయింది.

అప్పుడు జమున చిల్లుల మూత క్యారేజీ తెచ్చింది. మూడు రోజులూ నేనూ ఆమే కలిసి గుంటలో ఒక్కో ఆకూ తిరగేసి, భూతద్దం కింద పెట్టి, ఏరినవీ దోమతెరలో ఉన్నవీ అన్నీ అందులో ఉన్నాయి. ఒక్కోదాన్ని వేలి మీద ఎక్కించుకుని పొద మీదకు దించుతూ పైకి లెక్కపెట్టింది. పద్దెనిమిది దగ్గర ఆగింది. క్యారేజీ బోర్లించి తట్టింది. ఏమీ రాలేదు. యాభై తొమ్మిది!

అద్దం పట్టుకుని నిలబడ్డాను. జమున తల మీద చెయ్యి పెట్టుకుంది. ఉన్నట్టుండి ఆగి, మెల్లగా జడ ముందుకు తీసుకుంది. జడ ముడిలో ఒకటి, దాని కింద ఇంకొకటి, పసుపు రెక్కలు పరుచుకుని హాయిగా కూర్చుని ఉన్నాయి.

"అరవై. అరవై ఒకటి" అంది. కీటో ఆవిడ తెర దగ్గరికి వంగి చూసి, నవ్వి, రాసుకుంది.

శాల ఉంటుంది. నేను లోపలికి పోను. ఎరువు గుంట దగ్గర నాకొక రేకుల గది ఇచ్చారు. లోపలి నుంచి వచ్చిన ప్రతి ఆకునూ భూతద్దం కింద చూసి పారెయ్యడం నా పని. నిన్ననే బొటనవేలి గోరు మొదలంటా తీసేశాను. వేలు ఎవరిదో అయినట్టు బోసిగా ఉంది.

సాయంత్రం పని ముగించి జమున అద్దం అవతలికి వచ్చి నిలబడింది. వట్టి కాళ్ళతో ఉంది.

"బూట్లేసుకోవే, కాళ్ళు కొంకర్లు పోతయ్."

"పోతే పోతాయి బాబాయ్" అని నవ్వింది. "కొత్త పిల్లలు పుట్టినాయి. లేతాకులన్నీ జల్లెడలాగ సేసేసినాయి. సూడండి, ఎంత అసయ్యంగా ఉందో."

చూశాను. అద్దానికి ఆనుకుని ఉన్న కొమ్మ మీద ఒక్క ఆకూ సరిగ్గా లేదు. అన్నీ చిల్లులే, అన్నీ మచ్చలే.

"ఉండనియ్యమ్మా. తిననియ్" అన్నాను.

అంటూండగానే అద్దానికి ఏదో తగిలిన చప్పుడైంది. చూస్తే, మచ్చ పడ్డ ఆకు మీదికి చాచిన నా కుడి చెయ్యి.